బొట్టు పెట్టి పిలిచిన బావులు

మా పెద్దత్త పోయిందన్న మాట నాకు నల్లగొండ బస్టాండులో తెలిసింది. దవాఖానలో కళ్లలో మందు పోయించుకుని, మసక చూపుతో మా ఊరి బస్సు ఏదో పోల్చుకోలేక నిలబడి ఉంటే మా ఊరి గొల్లాయన ఎదురొచ్చాడు. "ఇంక ఈడనే ఉన్నవా అక్కా? పెద్దమ్మ పొద్దుగాల పోయింది" అన్నాడు. ఏ పెద్దమ్మ అని నేను అడగలేదు. మా ఊళ్లో పెద్దమ్మ అంటే ఒక్కతే. బస్సులో పక్కన కూర్చున్నామెతో కళ్లలో మందుకు నీళ్లు కారుతున్నాయని చెప్పాను. ఆమె నమ్మింది.

పెద్దత్త గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. తిరుమలగిరిలో మా బాపు నాకు నాలుగు అక్షరాలు నేర్పి అత్తగారింటికి పంపాడు. "గా అక్షరాలను ఉట్టిగ కూసోబెట్టకే" అని పెద్దత్త ఎప్పుడూ దెప్పేది. అందుకని రాస్తున్నాను. కోపం కూడా రాస్తాను. నా నోటిని ఆమె తిరుమలగిరి నోరు అనేది, ఇప్పుడు మాత్రం అది మారుతుందా?

పెద్దత్త అంటే మా మామకు వదిన. నేను ఆ ఇంటి కోడలినై వచ్చేనాటికే ఆమె పెనిమిటి కలరా గత్తరలో పోయి చాన్నాళ్లయింది. పిల్లలు లేరు. ఆయన మిగిల్చి పోయింది వాగు పక్కన కొంత మెట్ట చెలక, అందులో తన చేతులతో తవ్విన మోట బావి. ఆయన కింద తవ్వుతుంటే ఈమె మట్టి మోసిందట. బండ అడ్డం పడితే ఇద్దరూ కలిసి పగలగొట్టారట. ఆ బావిని ఆమె 'మీ పెద్దమామ' అనే పిలిచేది. సాయంత్రం పని ముగించి, "మీ పెద్దమామ దగ్గరికి పోయొస్త" అని చెలక దిక్కు నడిచేది. బావి అంచున కూర్చుని ఒక చుట్ట కాల్చుకుని తిరిగొచ్చేది. "పెనిమిటి పోయి ఇన్నేండ్లయినా ఏం ముచ్చటనో" అని మా అత్త మూతి తిప్పేది. ఆ మూతి తిప్పడం కూడా ప్రేమతోనే.

అవి దొరల మీద తిరగబడిన సంఘం రోజులు. మా దొర కోటలాంటి తన గడికి తాళం పెట్టి పట్నం పోయాడు. అంతకు ముందు ఊరంతా ఆయనకు వెట్టి చేసింది. కూలి లేదు, తిండి లేదు, పిలిచిన నాడు పోవాలి, పోకపోతే వీపు పగులుతుంది. ఇక వెట్టి చేసేది లేదని ఊరు ఒక్క మాట మీద నిలబడిన సంవత్సరం అది. నేను ఆ వేసవిలోనే కాపురానికి వచ్చాను. అందరి ముఖాల్లో ఒక ధీమా ఉండేది. దొర పోయాడు, ఇంక మనకేం ఫికర్ అనుకున్నాం.

వానకాలం చివర ముసురు పట్టింది. పట్టి విడవలేదు. ఒక తెల్లవారుజామున ఎగువన ఉన్న చెరువులు ఒకదాని వెంట ఒకటి తెగి వాగు మా ఊరి మీదికి వచ్చింది. నానిన మట్టి గోడ పెద్దగా చప్పుడు చేయదు, అలిసిన మనిషి కూలబడినట్టు కూలబడుతుంది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. గడి వెనక ఉన్న బండ మీదికి అందరం ఎక్కాం. ఎక్కలేనివాళ్లు కొందరు కింది వాడలో ఉండిపోయారు. వాళ్ల గురించి ఇంతకంటే రాయలేను.

వరద తగ్గాక దిగి చూస్తే ఊరు ఊరిలా లేదు. ఇండ్ల సంగతి అటుంచండి, ఇండ్లు మట్టివే, మళ్లీ పెట్టుకుంటాం. బావులు లేవు. మోట బావులన్నీ ఇసుకతో నిండి నేలకు సమానమైపోయాయి. ఎక్కడ బావి ఉండేదో గిలక మొద్దును చూసి గుర్తుపట్టాల్సి వచ్చింది. అంత నీళ్లు మీద పడిన ఊళ్లో గొంతు తడుపుకోను చెంబెడు నీళ్లు లేవు. వాగులో చెలమ తీసి ఆ బురద నీళ్లే గుడ్డలో వడగట్టి తాగాం.

బండ మీద కూర్చున్న మగవాళ్లు బొంబాయి పోదామని ఒకరు, షోలాపురం పోదామని ఒకరు మాట్లాడుకుంటున్నారు. సంఘం మనుషులు గింజలు తెచ్చి పంచారు, అవి ఎన్ని రోజులకొస్తాయి? పెద్దత్త మగవాళ్ల మధ్యకు పోయి కూర్చుంది. సగం కాల్చిన చుట్ట ఆమె చెవి మీద ఎప్పుడూ ఉండేది, ఆ రోజూ ఉంది, తడిసి ముద్దయి.

"ఎన్నడు పోతరు?" అని అడిగింది.

"ఈడ ఏమున్నది పెద్దమ్మా, తాగనీకె నీళ్లు కూడ లేకపాయె" అన్నాడు ఒకాయన.

"నీళ్లు ఏడికి పోలే. ఇసుక కింద ఉన్నయి. తీసుకుంటే మనయి, పోతే ఎవలయో. ఇల్లు లేకుంటే చెట్టు కింద పంటం, నీళ్లు లేకుంటే ఏడ పంటం? ముందుగాల బాయిలు తీద్దం. అన్ని ఒక్కసారి కావు. ఒక్కొక్కటి తీద్దం. ఏండ్లు పడితే పట్టనియ్యి."

ఎవరి బావి ముందు అన్న ప్రశ్న రాకుండా ఉంటుందా? వచ్చింది. గట్టిగానే వచ్చింది. ఆమె జవాబు దగ్గర పెట్టుకునే కూర్చుంది. ఎద్దులు కొట్టుకుపోయిన ఇంటి బావి ముందు, ఎద్దులు మిగిలిన ఇంటిది తర్వాత. ఎద్దు ఉన్నవాడు బండి కట్టుకుని ఎక్కడినుంచైనా పీపాతో నీళ్లు తెచ్చుకుంటాడు, లేనివాడు ఏం చేస్తాడు? మెరక మీద కొట్టంలో ఉండి మా ఎద్దులు బతికాయి కాబట్టి మా బావి చివరి నుంచి రెండోది అయింది. అన్నిటికన్నా చివర ఆమెది. "నాదేమున్నది, ఒక్క నోరు" అంది. ఆ సాయంత్రం కూడా చెలక దిక్కు పోయింది. బావి ఉండిన చోట ఇసుక మీద కూర్చుని ఉంటే నేను దూరం నుంచి చూశాను. ఒక్క నోరేనా, ఆ ఇసుక కింద ఆమె కాపురం మొత్తం ఉంది కదా అనుకున్నాను.

మొదటి బావి కింది వాడలోది. అక్కడే పెద్దత్త తప్పు చేసింది. రేపు పొద్దున బావి దగ్గరికి అందరినీ రమ్మని చెప్పు అని ఊళ్లో చాటింపు వేసే ఆయనకు చెప్పింది. ఆయన నోటికి వచ్చిన చాటింపు ఒక్కటే. తాతల నాటి నుంచి గడి కోసం చాటింది అదే. డప్పు కొట్టి, "ఇంటికొక మనిషి పార తట్ట పట్టుకోని రావాలెహో, రాకుంటే ఊకునేది లేదహో" అని ఊరంతా అరిచి వచ్చాడు.

మర్నాడు బావి దగ్గరికి వచ్చింది పెద్దత్త, మా ఆయన, నేను. ఆ బావి ఇంటివాళ్లు కూడా రాలేదు. ఒక ముసలాయన డప్పు విని ఈత వనంలో దాక్కున్నాడని తర్వాత తెలిసింది. "గడి దొరసాని పోతే ఇసుక దొరసాని వచ్చింది" అని ఎవరో అన్న మాట మా చెవిదాకా వచ్చింది. నాకు ఒళ్లు మండింది. ఎవరన్నారో చెప్పండి, వాళ్ల సంగతి చూస్తా అని లేచాను.

పెద్దత్త నా కొంగు పట్టి కూర్చోబెట్టింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది.

"వాళ్లది తప్పు గాదే పిల్లా. గా డప్పు వింటే నాకే వీపు మీద దెబ్బ పడ్డట్టయింది. వెట్టికి పిలిచినట్టు పిలిస్తె ఎవలొస్తరు? పెండ్లికి ఎట్ల పిలుస్తం మనం?"

"బొట్టు పెట్టి."

"మరి లే. మొఖం కడుక్కో."

పెండ్లి పిలుపుకు బొట్టు పెట్టేది ముత్తైదువే. విధవరాలు కాబట్టి పెద్దత్త పెట్టరాదు. నేను కొత్త కోడలిని, పసుపు తాడు ఇంకా పచ్చగానే ఉంది. మా అత్త పెట్టెలోంచి కట్టె కుంకుమ భరిణె తీసుకుని పెద్దత్త ముందు నడిచింది, నేను వెనక నడిచాను. ఇండ్లు కూలిన వాకిళ్ల ముందు, తడికెల ముందు, చెట్లకు కట్టిన చీరల ముందు నిలబడి ఆడవాళ్ల నొసట బొట్టు పెట్టాను. "రేపు బాయి పనున్నది, మీ ఇంటోళ్లందరు రావాలె" అని పెద్దత్త చెప్పేది. మా ఇంటి ఆడవాళ్లు ఎన్నడూ అడుగుపెట్టని కింది వాడలో కూడా ప్రతి గడపకూ పోయాం. నేను వెనకాడుతుంటే ఆమె "కుంకుమ ఎర్రగనే ఉన్నదా? అందరి నొసట్ల ఎర్రగనే ఉంటది, పెట్టు" అంది. బావి ఇంటామెకు నా ఈడే ఉంటుంది. బొట్టు పెట్టించుకుంటూ ఏడ్చేసింది. వరదలో ఆమె మామ పోయాడు.

మర్నాడు ఊరు వచ్చింది. పారలకూ తట్టలకూ కూడా ఎవరో బొట్లు పెట్టారు. పని మొదలయ్యే ముందు పెద్దత్త ఒకే ఒక్క కట్టుబాటు చెప్పింది.

"చేతుల తట్ట లేకుండ బాయి గడ్డ మీద ఎవ్వరు నిలవడొద్దు. గడ్డ మీద నిలవడి సూసేటోడు దొర. బాయి ఎవలదో వాళ్లు అందరికన్న ముందు దిగాలె, అందరు ఎక్కినంక ఎక్కాలె."

అంతే. ఆ కట్టుబాటుకు ఎవరూ ఎదురు చెప్పలేదు, ఎందుకంటే బావి ఒడ్డున గడ్డ మీద నిలబడి చూసే మనిషి ఎలా ఉంటాడో అందరికీ తెలుసు. ఒకసారి సంఘం నుంచి ఒక పిల్లగాడు వచ్చాడు. మంచివాడే, చదువుకున్నవాడు, భుజాన తుపాకీ ఉంది. గడ్డ మీద నిలబడి ఐకమత్యం గురించి మాట్లాడుతున్నాడు. పెద్దత్త కింది నుంచి "నాయినా, మంచిగ చెప్తున్నవ్. జర దిగి చెప్పు, ఈడికి సరిగ వినవడ్తలేదు" అంది. అందరం కిసుక్కుమన్నాం. అతను ఎర్రబడి, నవ్వేసి, తుపాకీ పక్కన పెట్టి దిగాడు. సాయంత్రం దాకా ఇసుక మోశాడు, ఇంక ఉపన్యాసం చెప్పలేదు.

నీళ్లు తగిలిన రోజు మొదటి దోసిలి పెద్దత్తకు ఇచ్చారు. కింది వాడ బావి నీళ్లు మా ఇంటివాళ్లు తాగడమా? గడ్డ కింద అందరూ ఆమె వైపే చూస్తున్నారు. ఆమె నోట్లో పోసుకుని, పుక్కిలించి, మింగి, "కొబ్బరి నీళ్లే!" అంది. అవి ఒట్టి ఉప్పు నీళ్లు. మా దిక్కు నీళ్లు మీకు తెలుసు కదా, పప్పు ఉడకదు. జీవితంలో ఆమె కొబ్బరి నీళ్లు తాగింది ఒకేసారి, పెండ్లయిన కొత్తలో పెద్దమామతో యాదగిరిగుట్ట పోయినప్పుడు. ఆ రుచి ఆమెకు గుర్తుందో లేదో దేవుడికి ఎరుక. తర్వాత ప్రతి బావి దగ్గరా అదే మాట అంది. ఎంత చవుడు నీళ్లయినా కొబ్బరి నీళ్లే. ఆ నీళ్లు తాగినందుకు మా చుట్టాలు కొందరు కొన్నాళ్లు మా ఇంట్లో చేయి కడగలేదు. "రానోళ్లకు వండే పని తప్పింది" అని ఆమె అసలు పట్టించుకోలేదు.

భరిణె సంగతి కూడా చెప్పాలి. ఎవరి బావికి వాళ్లు పిలుచుకోకూడదు, ఏ ఇంటి బావి బాగయిందో ఆ ఇంటామె తర్వాతి బావికి బొట్టు పెట్టి పిలవాలి అని పెద్దత్త అంది. కింది వాడ ఆమె భరిణె పట్టుకుని ఊళ్లో గడపల ముందుకు రావడానికి ఎంత భయపడిందో! పెద్దత్త ముందు నడిచి, ప్రతి తలుపు దగ్గరా "పిలుపు వచ్చింది, మొఖం పెట్టు" అనేది. కొందరు తలుపు వేసుకున్నారు. మా అత్త కూడా కాసేపు గుంజాటన పడింది. పెద్దత్త మా వాకిట్లో కూర్చుని చుట్ట వెలిగించింది. ఆ చుట్ట అయిపోయే లోపల మా అత్త బయటికి వచ్చి నుదురు ముందుకు వంచింది.

ఇలా భరిణె ఇల్లిల్లూ తిరిగింది. వ్యవసాయం పనులు ఉన్నప్పుడు ఆగింది, పనులు లేనప్పుడు నడిచింది. జొన్న గట్క, పచ్చి పులుసు తప్ప వేరే విందు లేదు. మిగిలిన ఎద్దులు ఊరంతటికీ మోట కొట్టాయి. ఆ ఎద్దులను ఎవరివి అని అడగడం మానేశాం. బొంబాయి మాట కూడా ఎవరూ ఎత్తలేదు.

మా బావి తీస్తున్నప్పుడు మిలిట్రీ వచ్చింది. పోలీసు చర్య అని ఇప్పుడు పుస్తకాల్లో రాస్తున్నారు. ముందు మేం సంతోషపడ్డాం, ఊళ్ల మీద పడి దోచుకునేవాళ్ల తుపాకుల భయం పోయిందనుకున్నాం. కొన్నాళ్లకు అవే లారీలు సంఘపు మనుషుల కోసం ఊళ్లు వెతకడం మొదలుపెట్టాయి. పారలు పట్టుకుని ఒక్క చోట ఇంతమంది కూడితే వాళ్లకు అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? మధ్యాహ్నం పూట బావి చుట్టూ నిలబడ్డారు. వెంట వచ్చిన తెలుగు మనిషి కిందికి వంగి "మీ పెద్ద ఎవడు? ఎవడు కూడగట్టిండు మిమ్మల్ని?" అని అరిచాడు.

బావిలో అందరి ఒంటికీ బురదే. ఎవరు రైతో ఎవరు జీతగాడో తెలియదు. అప్పుడు పెద్దత్త మెట్ల మీద అందరినీ తప్పించుకుంటూ పైకి వెళ్లింది. చేతిలో తట్ట లేదు. ఆమె ఖాళీ చేతులతో గడ్డ మీద నిలబడింది ఆ ఒక్కసారే.

"నేనే పిలిచిన. బొట్టు పెట్టి పిలిచిన. ఏం జేస్తరో నన్ను జెయ్యుండ్రి."

వాళ్లు నవ్వారు. ముసలిదాన్ని అడ్డం పెట్టుకుంటున్నారు అన్నారు. మగవాళ్లను ఒక్కొక్కరినీ పైకి లాగి లారీ ఎక్కించారు. మా ఆయన బావి యజమాని కదా, అందరికన్నా అడుగున ఉన్నాడు, చివర ఎక్కాడు. కట్టుబాటు ప్రకారమే ఎక్కాడు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి.

లారీ పోయాక ఆడవాళ్లం శోకాలు పెట్టాం. పెద్దత్త గడ్డ మీదే కూలబడి ఉంది. కాసేపటికి "సూసినవా, గడ్డ ఎక్కితే నా మాట ఎవ్వరు నమ్మలే" అంది. ఆ గొంతు నేను ముందెన్నడూ వినలేదు. తర్వాత లేచి, కొంగు బిగించి, తట్ట తీసుకుని దిగింది. మేమూ దిగాం. ఆడవాళ్లమే ఆ బావిని నీళ్లదాకా తీశాం. "కొబ్బరి నీళ్లే" అని ఆమె అన్నప్పుడు ఎవరూ నవ్వలేదు.

మిలిట్రీ క్యాంపు నుంచి మగవాళ్లు ఒకరొకరుగా వచ్చారు. వెళ్లిన మనుషులు వేరు, వచ్చిన మనుషులు వేరు. మా ఆయన కుడి చేయి మళ్లీ భుజం పైకి లేవలేదు. ఇక మిగిలింది పెద్దత్త బావి ఒక్కటే. భరిణె మా ఇంట్లో ఉంది, పిలవాల్సింది నేను. తేదీ కూడా అనుకున్నాం. ఇంతలో వానలు పడి కింది వాడ బావి గోడ జారి మళ్లీ పూడింది. "ముందు గది తియ్యుండ్రి. వాళ్లు పసిపిల్లలతోటి ఉన్నరు" అంది పెద్దత్త. నేను కొట్లాడాను. ఈసారి నీది కానియ్యి అని కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. "మీ పెద్దమామ ఏడికన్న ఉరుకుతడా ఏంది?" అని నవ్వింది. కింది వాడ బావికి నేను బొట్టు పెట్టి పిలిచాను. ఆ సగం ప్రాణాల మగవాళ్లు, మేము కలిసి తీశాం. కట్టుబాటు ప్రకారం భరిణె కింది వాడ ఆమె చేతికి ఇచ్చాను. పెద్దత్త బావికి ఇక ఆమె పిలవాలి.

ఆ వేసవి రాకముందే ఆమె కుటుంబం బొంబాయి పోయింది. వాళ్లను తప్పు పట్టలేను, గింజ లేదు, మొగుడు క్యాంపులో తిన్న దెబ్బలకు వంగి పని చేయలేడు. ఎవరికీ చెప్పకుండా ఒక పొద్దున పోయారు. మూటలో భరిణె కూడా పోయింది.

ఇక్కడే నాకు ఊరి మీద కోపం. పిలుపు రాలేదు కాబట్టి ఎవరూ కదల్లేదు. తర్వాత ఎవరి సేద్యం వాళ్లది అయింది. మోటలు పోయి ఆయిలింజన్లు వచ్చాయి, కరెంటు మోటర్లు వచ్చాయి. పెద్దత్త చెలకలో వాన పడితే ఆముదాలు, పడకపోతే ఏమీ లేదు. తాగే నీళ్లు ఊళ్లో బావుల నుంచి మోసుకునేది, రోజుకో ఇంటి బావి. మా ఆయన ఒంటి చేత్తోనైనా తీస్తానన్నాడు. "ఒక్కడు తీస్తె అది కూలి పని. నాకు కూలి బాయి వద్దు" అంది. నేను మా తమ్ములను పిలిపిస్తానన్నాను. వద్దంది. వేరే భరిణె కొని నేనే పిలుస్తానంటే "మాట తప్పినట్టు పిల్లకు పేరొస్తది, ఆగు" అంది. బొంబాయి పోయిన పిల్లకు పేరు రాకూడదట!

ఒకసారి విసిగి, నీకు నిజంగా ఆ బావి కావాలని లేదా అని అడిగాను.

"అందరి పని అయిపోయిందంటే ఎవల తలుపు వాళ్లు ఏసుకుంటరే. ఒక్కటి మిగలనియ్యి" అంది.

మంచి మాటే. విన్నవాళ్లు తలలూపుతారు. నేను నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఎందుకంటే ఆమె సాయంత్రాలు నేను చూశాను. ఇసుక మీద కూర్చుని, చుట్ట కాల్చుతూ, పక్కన చేత్తో కొంచెం కొంచెం ఇసుక తవ్వుతూ ఉండేది. చుట్ట అయిపోయాక ఆ గుంటను తనే పూడ్చి లేచేది.

చివరి రోజుల్లో మంచం పట్టాక రెండు మాటలే మాట్లాడేది. ఒకటి, "తిన్నవా?" రెండోది, "కింది వాడోళ్లు వచ్చిండ్రా?" ఇంకా రాలేదు అని నేను చెప్పేదాన్ని. "వస్తరు తియ్" అనేది. నా మీద జాలిపడినట్టు అనేది.

నేను నల్లగొండ నుంచి వచ్చేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. స్నానానికి నీళ్లు కావాలంటే ఊళ్లో ఆడవాళ్లు ఎవరి బావి నుంచి వాళ్లు ఒక్కో బిందె మోసుకొచ్చారు. ఎవరూ చెప్పలేదు. అన్ని నీళ్లూ గంగాళంలో కలిపి ఆమెకు పోశాం. ఆమె బావి నీళ్లు మాత్రం అందులో లేవు. నాకు ఆ రోజు ఊరి మీద కోపం చల్లారకపోగా పెరిగింది.

దినాలయిన మర్నాడు పొద్దున మా గడప ముందు ఎవరో నిలబడ్డారు. కింది వాడ ఆమె. జుట్టు నెరిసింది, నుదుటన బొట్టు లేదు. కబురు అందగానే బొంబాయి నుంచి రైలెక్కి వచ్చిందట. పక్కన ఆమె కోడలు, చేతిలో కట్టె భరిణె. మూత అంచు విరిగి ఉంది, అయినా చూడగానే పోల్చాను.

"ఇప్పుడొచ్చినవా?" అన్నాను. నా నోరు మీకు చెప్పాను కదా.

ఆమె తలవంచుకుంది. "మధ్యల రెండుసార్లు వచ్చిన అక్కా. మీ వాకిలి దాక వచ్చి తిరిగిపోయిన. ఏ మొఖంతోటి రావాలె? పెద్దమ్మనే ఎదురొచ్చి, భరిణె పైలంగ దాచినవా బిడ్డా అన్నది. ఇంకొక్క మాట అనలే. తిట్టినా బాగుండు." కొంగుతో ముఖం ఒత్తుకుని, కోడలిని ముందుకు తోసింది. "రేపు పెద్దమ్మ బాయి పని ఉన్నది. మీ ఇంటోళ్లందరు రావాలె."

ఆ పిల్ల భరిణె మూత తీసింది. నేను నుదురు ముందుకు వంచాను. ఇన్నేండ్ల కోపం ఎటు పోయిందో తెలియదు, ఆ గడప మీదే ఆమె భుజం పట్టుకుని ఏడ్చాను.

వాళ్లు ప్రతి ఇంటికీ పోయారు. ఈసారి ఎవరూ తలుపు వేసుకోలేదు. మర్నాడు టెరిలిన్ చొక్కాలు వేసుకున్న పిల్లలు కూడా తట్టలు పట్టుకుని వచ్చారు. బావి ఎవరిదో వాళ్లు ముందు దిగాలి. ఆమెకు ఎవరున్నారు? అందరూ నా వైపు చూశారు. నేను దిగాను. మోకాళ్లు నొప్పులు, కళ్లు మసక, అయినా దిగాను. పని చాలా రోజులు నడిచింది. రోజూ నేనే ముందు దిగి, అందరూ ఎక్కాక ఎక్కాను. ఇసుక కింద మోట బొక్కెన తోలు తొండం ముక్క దొరికింది, పెద్దమామ పగలగొట్టిన బండ మీద ఉలి గాట్లు కనబడ్డాయి.

ఒక మధ్యాహ్నం పార కింద ఇసుక తడిగా తగిలింది. ఇంకొంచెం తీస్తే నా పాదాల చుట్టూ నీళ్లు ఊరాయి. అన్ని మెట్ల మీదా తట్టలు పట్టుకున్న మనుషులే. కింది వాడ ఆమె నా పక్కన నిలబడి ఉంది. వంగి దోసిట్లో పట్టుకుని నోట్లో పోసుకున్నాను. మింగుడు పడనంత ఉప్పు.

"కొబ్బరి నీళ్లే" అన్నాను.

తలెత్తి చూశాను. గడ్డ మీద ఎవరూ నిలబడి లేరు.